పై వరుసలో చుక్క

గుంటూరులో ఒక చిన్న కంపెనీలో చేరి, అందులోనే ముసలివాణ్ణయి, అందులోనే రిటైరయ్యాను. మేం అమ్మిన సరుకు ఒకటే: తెలుగు టైపు చేసుకునే ఎడిటర్. ప్రెస్సులవాళ్లు, దస్తావేజు లేఖరులు, మిల్లు ఆఫీసుల గుమాస్తాలు వాడేవాళ్లు. అందులో అక్షరాలు పాడైతే బాగుచెయ్యడం నా పని. మా ఆవిడ ఇన్నేళ్లూ చుట్టాలకి "ఆయన కంప్యూటర్లు రిపేరు చేస్తారు" అనే చెప్పుకొచ్చింది. నేను సరిదిద్దలేదు. సరిదిద్దితే ఇంకో అరగంట వివరించాలి.

ఇప్పుడీ పనిలోకి వస్తున్నవాళ్లు "మీ అనుభవం చెప్పండి సార్" అంటున్నారు. ప్రోగ్రాములు రాయడం మీకు నాకంటే బాగా వచ్చు, అది చెప్పను. నా ప్రమోషన్లూ చెప్పను. వచ్చినవి రెండు, రెండుసార్లూ కుర్చీ మారింది తప్ప ఇంకేం మారలేదు. చెప్పేది ఒక తప్పు గురించి. నేను రాసిన నాలుగు వరుసల ప్రోగ్రాము వల్ల చిలకలూరిపేటలో రత్నకుమారి అనే ఆపరేటర్ ఉద్యోగం పోయింది. ఉద్యోగం సరే, ఇంకోటి దొరుకుతుంది. పనిమంతురాలన్న పేరు పోయింది. అది తిరిగి ఇవ్వాల్సినవాణ్ణి నేను. ఎప్పుడిచ్చానో చివర్లో చెబుతాను. అప్పటిదాకా నన్ను పెద్దమనిషి అనుకుంటూనే చదవండి.

తాలు

ముందు కొంచెం పాఠం. కంప్యూటర్‌కి అక్షరాలు తెలియవు, బైట్లు తెలుసు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మేం వాడిన పద్ధతిలో తెలుగుకి మూడు కావాలి. 'క' అంటే మూడు బైట్లు. దానికి గుడి పెడితే, ఆ గుడికి ఇంకో మూడు. ఈ మూడూ ఎప్పుడూ కలిసే ఉండాలి. ఒకటి విడిపోతే అక్షరం చచ్చిపోయి, దాని చోట నల్లటి గుర్తులో ప్రశ్నార్థకం కనబడుతుంది. ఆ ప్రశ్నార్థకంతో సహా ఫైల్ సేవ్ చేశారా, అసలు అక్షరం ఇక తిరిగి రాదు.

మా యజమాని సాంబశివరావు గారు అంతకుముందు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. ఆయనకిదంతా చెప్పడానికి నేను బోర్డు మీద బొమ్మలు వేసి గంటసేపు చెమటలు కక్కాను. ఆయన విని, తుమ్మి, అన్నాడు కదా:

"అంటే తెలుగు కాయకి మూడు ముక్కలు. విరిగితే తాలు. అంతేగా?"

"అంతేనండి."

"తాలు రాకుండా చూడు మరి."

ఆయన నాకిచ్చిన సాంకేతిక సలహా మొత్తం అదే. ఆ తర్వాత హైదరాబాదులో పెద్దపెద్దవాళ్ల ఉపన్యాసాలు విన్నాను, ఇంతకంటే సూటిగా చెప్పినవాళ్లు లేరు.

కోటయ్య గారి వేలు

మొదట్లో మా ఎడిటర్లో వెనక్కి చెరిపే బటన్ నొక్కితే ఒక్క బైటే పోయేది. తెలుగు అక్షరం పోవాలంటే మూడుసార్లు నొక్కాలి. సిగ్గుచేటు లోపం. పట్టుదలగా కూర్చుని బాగుచేసి, ఊరూరా పంపించాను. మెచ్చుకుంటారని చూస్తుంటే సత్తెనపల్లి నుంచి దస్తావేజు లేఖరి కోటయ్య గారి ఫోన్ వచ్చింది.

"ఏవయ్యా, ఏం చేశావ్ నా మిషన్ని?"

"బాగుచేశానండి. ఇప్పుడు ఒక్కసారి నొక్కితే చాలు."

"నా వేలు మూడుసార్లే నొక్కుద్దయ్యా! దానికెవడు చెప్తాడు? పొద్దున్నుంచీ పొలాల హద్దులు మింగేస్తంది. తూర్పు చెరపబోతే ఉత్తరం కూడా పోయింది. బాగున్నదాన్ని చెడగొట్టి మళ్లీ బాగుచేశానంటాడు. పాతదే పెట్టు!"

వాదించి చూశాను. కోటయ్య గారితో వాదించి గెలిచినవాడు పల్నాడులో లేడని తర్వాత తెలిసింది. చివరికి ఆయన ఒక్కడి కోసం 'పాత అలవాటు' అని ఒక సదుపాయం రాసిచ్చాను. అది పెట్టుకుంటే మూడు నొక్కులకే ఒక అక్షరం పోతుంది. లోపాన్ని సదుపాయంగా మార్చి ఇచ్చినందుకు ఆయన సంతోషించి గోంగూర పచ్చడి పంపించాడు.

వాడేవాడు చెప్పే మాటని కొట్టిపారేయకూడదని దీనివల్ల నేను నేర్చుకుని ఉండాల్సింది. పచ్చడి తిన్నాను, పాఠం మాత్రం నేర్చుకోలేదు.

దూది

చిలకలూరిపేటలో వెంకటప్పయ్య గారి ప్రెస్సు సరిగ్గా ఒక జిన్నింగ్ మిల్లు వెనకాల ఉండేది. సీజన్లో కిటికీ తెరిస్తే దూది నురగలా లోపలికొచ్చేది. అక్కడి నుంచి ఫిర్యాదు: టైపు చేసి, సేవ్ చేసి, మర్నాడు తెరిస్తే పేజీ మధ్యలో ఎక్కడో ఒక అక్షరం పోయి ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. సరిచేసి మళ్లీ తెరిస్తే మళ్లీ అక్కడే.

బస్సెక్కి వెళ్లాను. కంప్యూటర్ డబ్బా విప్పితే లోపల ఒక తలగడకి సరిపడా దూది. ఇంకేం కావాలి! బ్లోయర్ పెట్టి ఊదాను. అక్షరం సరిచేసి, ఫైల్లో పై వరుసలో ఇంగ్లీషులో 'టెస్ట్' అని కొట్టి, సేవ్ చేసి తెరిచాను. ప్రశ్నార్థకం మాయం. కూల్‌డ్రింక్ తెప్పించారు.

"దూది పోగు మెమరీ మీద పడితే అక్షరం చెదురుతుందండీ" అన్నాను. నేను ఎమ్మెస్సీ చదివినవాణ్ణి. ఈ మాట తడుముకోకుండా అన్నాను.

ఆ మాట పేటంతా పాకింది. ప్రెస్సులవాళ్లందరూ కంప్యూటర్లకి పల్చటి గుడ్డలు చుట్టారు. గాలాడక అవి వేడెక్కి ఆగిపోవడం మొదలైంది. అది వేరే ఫిర్యాదు. నేను వెళ్లిపోయాక వాళ్లు ఫైల్లో ఆ 'టెస్ట్' అన్న ముక్క తుడిచేసేవాళ్లు, వారానికి తెగులు మళ్లీ వచ్చేది. కొత్త దూది పడిందనుకుని మళ్లీ నన్ను పిలిచేవాళ్లు. నేను మళ్లీ ఊది, మళ్లీ 'టెస్ట్' అని కొట్టేవాణ్ణి. మా సాంబశివరావు గారు ముచ్చటపడి 'బ్లోయర్ సర్వీసు' అని కరపత్రం కూడా వేయించారు.

శ్రీ, శిలువ, చుక్క

ఆ ప్రెస్సులో ఆపరేటర్ రత్నకుమారి. అప్పటికి ముప్ఫై ఏళ్లుంటాయి. వాళ్ల నాన్న చర్చి బడిలో పంతులు, ఇంట్లో దిద్దుబాట్ల మధ్యే పెరిగిన మనిషి. ఆమె కొట్టిన పేజీలో తప్పు పట్టుకోవడం కష్టమని పోటీ ప్రెస్సులవాళ్లు కూడా ఒప్పుకునేవాళ్లు.

నేను మూడోసారో నాలుగోసారో డబ్బా విప్పుతుంటే పక్కకొచ్చి నిలబడింది.

"సార్, దూది కాదేమోనండి."

"మరేంటమ్మా?"

"పైన ఖాళీ వరుస ఉంటది కదండి. వెంకటప్పయ్య గారు దాంట్లో శ్రీ అని కొడతారు. మా చర్చి పనులప్పుడు నేను చిన్న శిలువ గుర్తు పెడతాను, ప్లస్ బటన్‌తో. చెడిపోయిన ఫైల్లో శ్రీ కొడితే తెగులు పోవట్లేదండి. శిలువ పెడితే పోతంది."

పక్క కుర్చీలోంచి వెంకటప్పయ్య గారు అందుకున్నారు. "విన్నారా అండీ? మా దేవుడికి కంప్యూటర్ రాదంట!"

ప్రెస్సంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఆమె కూడా నవ్వి, వదల్లేదు.

"దేవుడి సంగతి కాదండి. ఊరికే చుక్క పెట్టినా పోతంది. తెలుగులో ఏ మాట కొట్టినా పోదు. ఒక్కోసారి ఒక చుక్క చాలదు, రెండు పెట్టాలి. మూడు మాత్రం ఎప్పుడూ అవసరం పడలేదండి. అన్నీ పుస్తకంలో రాసి పెట్టాను, చూస్తారా?"

పిల్లలూ, ఆ నాలుగు మాటలూ మళ్లీ చదవండి. తెలుగు మాట మూడేసి బైట్ల చొప్పున జరుపుతుంది కాబట్టి విరిగే చోటు మారదు. చుక్క ఒక్క బైటు జరుపుతుంది, నేను ఊదినప్పుడల్లా కొట్టిన ఇంగ్లీషు 'టెస్ట్' నాలుగు. ఒకటో రెండో చాలు, మూడు అక్కర్లేదు. అంటే ఎక్కడో అక్షరం మూడు ముక్కల మధ్య తెగుతోందని, తెగే చోటు ఫైల్ మొదటి నుంచి లెక్క ప్రకారం ఉందని ఆమె తేల్చేసింది. ఇంత శుభ్రమైన రోగనిర్ధారణ నా ఉద్యోగంలో మళ్లీ వినలేదు.

నేనేమన్నానో తెలుసా? నాకు మూఢనమ్మకాలంటే గిట్టదు. హేతువాదినని చెప్పుకుంటాను. అందుకని ఎంతో పెద్దమనసుతో "నమ్మకం ఉంటే మంచిదేలేమ్మా" అని, బ్లోయర్ ప్లగ్గు పెట్టాను. ఆ పుస్తకం చూడలేదు.

ఆమె తన దారిన తను ప్రతి ఫైల్లో పై వరుసలో చుక్కో రెండో పెట్టుకుని, ప్రింటు తీశాక వాటిని బ్లేడుతో గీకేసుకుంటూ పని నడిపించింది. ఆ రోజుల్లో మా ఎడిటర్ పేటలో బాగా పనిచేసిందంటే ఆ బ్లేడు పుణ్యమే.

కాగితం

ఆ ఏడు గుడి తిరునాళ్లకి దాతల పేర్లతో గోడపత్రిక పని వచ్చింది. రత్నకుమారి కొట్టి, చుక్క పెట్టి, సరిచూసి, భోజనానికి వెళ్లింది. వెంకటప్పయ్య గారు ఫైల్ తెరిచి ఆఖరి చూపు చూశారు. పైన చుక్క కనబడింది. "ఈగ వాలినట్టుందేంటిది" అని తుడిచేసి, సేవ్ చేసి, పక్క కంప్యూటర్లో తెరిచి ప్రింటుకి ఇచ్చేశారు. తెల్లారేసరికి గోడల మీద, జిన్నింగ్ మిల్లు యజమాని గారి కీర్తిశేషులైన తండ్రి పేరు మధ్యలో రెండు ప్రశ్నార్థకాలు.

"మా నాయన మీద మీకేంటయ్యా అనుమానం?" అని ఆయన ప్రెస్సుకొచ్చి అరిచాడు. ఆ ప్రెస్సు పనిలో సగం ఆ మిల్లుదే. వెంకటప్పయ్య గారు హడలిపోయి నాకు ఫోన్ చేశారు. నేను వెళ్లేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చారు.

"తప్పు మిషన్‌దా, మనిషిదా? మిల్లాయనకి చూపించాలండీ. కాగితం మీద రాసివ్వండి."

డబ్బా విప్పాను. కిందటి వారమే ఊది వెళ్లాను కదా, లోపల దూది లేదు. దూది లేదు కాబట్టి మిషన్ తప్పు కాదు. మిషన్ తప్పు కాకపోతే మనిషి తప్పు. ఇదీ నా హేతువాదం.

రత్నకుమారి బల్ల పక్కనే నిలబడి ఉంది. "సార్, చుక్క తీసేశారండి. అందుకే వచ్చింది. మీకు చెప్పాను కదండీ."

వెంకటప్పయ్య గారు నేల చూపులు చూశారు. నేను కంపెనీ కాగితం తీసి రాశాను: ప్రోగ్రాములో లోపం లేదు, ఇది ఆపరేటర్ అజాగ్రత్త వల్ల జరిగింది. సంతకం పెట్టి ముద్ర కొట్టాను. గుంటూరు బస్సు వేళవుతోంది.

"అట్టా రాయకండి సార్" అంది. "ఇంకే ప్రెస్సులోనూ పెట్టుకోరు నన్ను."

"అలా ఏం ఉండదులేమ్మా" అన్నాను.

అలాగే ఉంది. మర్నాటి నుంచి రావద్దన్నారు. 'అక్షరాలు మింగే రత్నకుమారి' అని పేటలో పేరు పెట్టారు. తలుపులన్నీ మూసుకున్నాక ఊరే వదిలి వెళ్లిపోయిందని విన్నాను. 'అయ్యో పాపం' అనుకున్నాను కూడా. అనుకోవడానికి ఏం పోయింది?

చీమకుర్తిలో దూది లేదు

ఏడాది దాటాక చీమకుర్తిలో గ్రానైట్ కోసే యూనిట్ నుంచి అదే ఫిర్యాదు. బ్లోయర్ చంకన పెట్టుకుని వెళ్లాను. డబ్బా విప్పితే దూది లేదు, బూడిదరంగు పొడి ఉంది.

"ఇదిగో, రాతిపొడి" అన్నాను, ఏమాత్రం తగ్గకుండా.

అక్కడి గుమాస్తా తలగోక్కున్నాడు. "రాతిపొడైతే అన్ని ఫైళ్లూ పాడవ్వాల కదండీ. ఈ ఒక్క కూలీల జాబితాలో, ఈ ఒక్క ఒడిశా అతని పేరు మీదే పడుద్దా పొడి? రోజూ?"

నాలిక చివర ఏదో ఉంది గానీ అది నాకే నమ్మబుద్ధి కాలేదు. కూర్చుని ఆ ఫైల్లో బైట్లు లెక్కపెట్టాను. పేరు విరిగిన చోటు సరిగ్గా నాలుగువేల తొంభయ్యారు దగ్గర. ఆ అంకె నాకు బాగా తెలిసిందే. మా ఎడిటర్ ఫైల్ని ఒక్కసారిగా చదవదు, నాలుగువేల తొంభయ్యారు బైట్ల చొప్పున, డబ్బాతో గింజలు కొలిచినట్టు తోడుకుంటుంది. డబ్బా అంచున పడ్డ అక్షరం సగం ఇందులో, సగం వచ్చే డబ్బాలో. ఏ సగానికి ఆ సగాన్ని అక్షరంగా మార్చబోయి, రెండింటినీ ప్రశ్నార్థకం చేస్తోంది. ఆ తోడే ముక్క రాసింది నేను. నాలుగు వరుసలు.

పేరు సరిచేసి, పై వరుసలో ఒక చుక్క పెట్టాను. సేవ్ చేసి తెరిచాను. పోలేదు. మళ్లీ సరిచేసి రెండో చుక్క పెట్టాను. పోయింది.

మూడు ఎప్పుడూ అవసరం పడలేదండి, అన్న గొంతు వినబడింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ గుమాస్తా "అదేంటండీ, ఊదకుండానే పోయింది?" అని సంబరపడుతుంటే మొహం ఎత్తలేకపోయాను.

చిన్న చిన్న మెరుగులు

మరమ్మతు తేలికే. అంచున సగం అక్షరం మిగిలితే తొందరపడకుండా పట్టుకుని, తర్వాతి డబ్బా వచ్చాక కలిపి చదవాలి. ఒక పూట పని. తర్వాత సాంబశివరావు గారి గదిలోకి వెళ్లాను.

"తాలు ఎక్కడిదో దొరికిందండి. నాదే. చిలకలూరిపేటలో ఆ ఆపరేటరమ్మాయి తప్పు లేదు. మనం చెప్పాలి."

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"నాకు, మీకు. ఆ అమ్మాయికి మొదటినుంచీ తెలుసు."

"ఆ అమ్మాయి మాట ఎవరన్నా నమ్మారా?"

"లేదండి."

"మరింకేం. ఊరుకో. ఇప్పుడు ఒప్పుకుంటే రేపు ప్రెస్సువాడి పెళ్లాం అలిగి పుట్టింటికెళ్లినా మన ఎడిటర్ వల్లే అంటారు."

కొత్త వెర్షన్‌తో పాటు పంపిన కాగితంలో 'చిన్న చిన్న మెరుగులు చేశాం' అని రాశాం. మీ ఫోన్లలో కూడా ఇలాంటి మాట వస్తుంటుంది, చూడండి. రాసినవాడు ఎవరి మొహం తప్పించుకుంటున్నాడో అని నాకనిపిస్తుంది.

యజమాని మీద తోసెయ్యడం తేలికే. ఆయన ఊరుకోమన్నాడు, నిజమే. కానీ పేట గంట ప్రయాణం. ఆదివారాలు నావే. నేను ఊరుకున్నది ఆయన చెప్పినందుకు కాదు, ఆయన చెప్పేసరికి ప్రాణం హాయిగా ఉన్నందుకు. బ్లోయర్ సర్వీసు మాత్రం ఆపలేదు. జనం ఒప్పుకోలేదు.

రెండు కాపీలు

రిటైరయ్యాక కిందటేడు కోటయ్య గారు ఫోన్ చేశారు. కొత్త కంప్యూటర్ కొన్నారట, 'పాత అలవాటు' దాంట్లో పెట్టి వెళ్లమన్నారు. ఎనభై దాటినా వేలు మారలేదు. సత్తెనపల్లి వెళ్లి ఆ పని చూసి లేవబోతుంటే ఆయనన్నాడు: "పెద్ద దస్తావేజులు ఇప్పుడు నేను కొట్టట్లేదయ్యా. పక్క కొట్టు రత్నకుమారి గారికి ఇస్తన్నా. ఇన్నేళ్లలో ఒక్క అక్షరం పోలేదు."

పక్కన జిరాక్స్, టైపింగ్, లామినేషన్ కొట్టు. గడపలోనే ఆగిపోయాను. జుట్టు నెరిసింది, కళ్లద్దాలొచ్చాయి. ఆమే ముందు గుర్తుపట్టింది.

"రండి సార్. బ్లోయర్ తేలేదా?"

నేను కూర్చోకుండానే చెప్పేశాను. "తప్పు ప్రోగ్రాముదేనమ్మా. రాసింది నేనే. నువ్వు చెప్పిందంతా నిజం."

"తెలుసండి."

జిరాక్స్ మిషన్లో కాగితాలు సర్దుతూనే ఉంది. తల తిప్పకుండానే అడిగింది: "మీకెప్పుడు తెలిసింది సార్?"

ఈ ప్రశ్న వస్తుందని దారిలో అనుకునైనా ఉంటే ఏదో ఒక అబద్ధం సిద్ధం చేసుకునేవాణ్ణి. "ఆ తర్వాత ఏడాదికే" అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. "మా నాన్న పోయిందాకా అడిగేవాడండి, నిజం చెప్పమ్మా, అజాగ్రత్తగా కొట్టావా అని. పంతులు కదండీ. నా మాట కన్నా మీ ముద్ర నమ్మాడు." గొంతు పెంచలేదు. "ఆయన పోయి ఆరేళ్లయిందండి. మీరు అంతకుముందు ఎప్పుడొచ్చినా బాగుండేది."

నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా అర్హత ఉండాలనిపించి ఆపుకున్నాను.

"అప్పుడు కాగితం మీద రాసిచ్చారు కదండీ" అంది, కీబోర్డు ముందుకు లాక్కుని. "ఇప్పుడూ కాగితం మీదే ఇవ్వండి. చెప్పండి, కొడతాను."

నేను చెబుతుంటే ఆమె కొట్టింది. లోపం ప్రోగ్రాములోనిది, దాన్ని రాసినవాణ్ణి నేను, ఆపరేటర్ రత్నకుమారి లోపాన్ని అందరికంటే ముందు కనిపెట్టి నాకు చెప్పారు, నేను వినలేదు, ఏడాదికి తెలిసినా బయటపెట్టలేదు. ఆ ఆఖరి ముక్క నేను చెప్పలేదు, ఆమె వేళ్లే కొట్టాయి. నేను కాదనలేదు. సేవ్ చెయ్యబోతూ పై వరుసకి వెళ్లి ఒక చుక్క పెట్టింది.

"ఇప్పుడు అది అక్కర్లేదమ్మా. ఎప్పుడో బాగుచేసేశాను."

ఆమె కళ్లద్దాల మీదుగా నావైపు చూసింది. "మీరు చెప్పారని తీసెయ్యమంటారా సార్?"

రెండు కాపీలు తీసింది. రెండింటి మీదా సంతకం పెట్టాను. ముద్ర లేదు, ఉద్యోగంతోపాటే పోయింది. రెండింటినీ లామినేషన్ చేసి, ఒకటి గోడ మీద వాళ్ల నాన్న ఫొటో పక్కన మేకుకి తగిలించింది. రెండోది నా చేతిలో పెట్టి, "మీ దగ్గర కూడా ఉండనివ్వండి" అంది.

అది ఇప్పుడు నా బల్ల మీద ఎదురుగా ఉంది. పై వరుసలో చుక్క అలాగే ఉంది. లామినేషన్ కదా, గీకినా పోదు.